మాస్కు చాలునా, గొట్టం వేయాలా?

క్రిందటి నెల ఈ శీర్షికలో దమ్ము వ్యాధి గురించి రాసిన తరువాత నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు వెంటిలేటర్ గురించే ఉన్నాయి. వాటిలో ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. మొదటి రెండు జవాబులు కాస్త పొడుగైనా, మిగిలినవి అర్థం కావడానికి అవే ఆధారం కనుక పాఠకులు వాటిని ఓపికగా చదవాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా అత్తమ్మకు 68 ఏళ్లు. జీవితమంతా కట్టెల పొయ్యి మీదే వండింది. చలికాలం వస్తే ఆయాసం ఎక్కువవుతుంది. ఈసారి మాట తడబడి, మత్తుగా పడుకుంటుంటే నల్గొండలో ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ముక్కు, నోరు మూసేలా మాస్కు కట్టి మిషను పెట్టారు. "వెంటిలేటర్ పెట్టారంటే ఇక ఆశ లేదు" అని చుట్టాలు ఏడుపు మొదలుపెట్టారు. మూడో రోజుకు ఆమె లేచి చాయ్ అడిగింది. పక్క మంచంలోని ఆయనకు మాత్రం నోట్లో నుంచి గొట్టం వేశారు. రెండూ వెంటిలేటర్లేనా? తేడా ఏమిటి? – ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: రెండూ వెంటిలేటర్లే. మీ అత్తమ్మకు పెట్టినదాన్ని సాధారణంగా బైపాప్ అంటారు. శరీరంలోకి ఏ గొట్టమూ దించకుండా మాస్కు ద్వారా ఊపిరికి సాయం చేసే పద్ధతి అది. పక్క మంచం ఆయనకు వేసిన గొట్టం నోటి గుండా, స్వరతంత్రుల నడుమ నుంచి శ్వాసనాళంలోకి దిగుతుంది. గాలిని నెట్టే సూత్రం రెండింటికీ ఒకటే. ఆ గాలి ఏ దారిన వెళుతుంది, ఆ దారికి కాపలా ఎవరు అన్న దగ్గరే అసలు తేడా ఉంది.

మనం మామూలుగా ఊపిరి తీసుకునేటప్పుడు గాలిని లోపలికి లాగుతాము. ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా పరచుకొని ఉండే ఉదరవితానం అనే కండరం కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, లోపలి చోటు పెరిగి అక్కడి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా కాస్త తగ్గుతుంది. కమ్మరి కొలిమి తిత్తిని పైకెత్తగానే గాలి దానంతట అదే నిండినట్లు ఊపిరితిత్తులు నిండుతాయి. 1928లో అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా అనే ఇద్దరు ఈ సహజ పద్ధతినే అనుకరించి, రోగిని మెడ దాకా ఒక ఇనుప పెట్టెలో పడుకోబెట్టి, పెట్టెలోని గాలిని తగ్గించి ఛాతీ విచ్చుకునేలా చేసే యంత్రాన్ని తయారు చేశారు. ఈనాడు మన ఐసీయూలలో ఉన్నవన్నీ దీనికి తలకిందులుగా పనిచేస్తాయి. అవి బయటి నుంచి గాలిని లోపలికి నెడతాయి.

ఎంత బలంగా నెడతాయో తెలుసుకోవాలంటే ఇంట్లోనే ఒక చిన్న పని చేసి చూడవచ్చు. లోతైన చెంబులో పది సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పోసి, అడుగుకు తాకేలా ఒక స్ట్రాను ముంచి, బుడగలు వచ్చేదాకా ఊదండి. అప్పుడు మీ బుగ్గల మీద పడే ఒత్తిడే పది సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. బైపాప్ యంత్రం మీద కనిపించే అంకెలు ఈ కొలతలోనే ఉంటాయి. అందులో రెండు ఒత్తిళ్లు ఉంటాయి. రోగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టగానే యంత్రం దాన్ని గుర్తించి పది నుంచి ఇరవై సెంటీమీటర్ల దాకా పై ఒత్తిడిని అందిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు నాలుగైదు సెంటీమీటర్ల అడుగు ఒత్తిడికి దిగుతుంది. ఆ అడుగు ఒత్తిడి గాలి దారులు మూసుకుపోకుండా నిలుపుతుంది. రెండింటి నడుమ తేడా ఎంత ఉంటే అంత గాలి లోపలికీ బయటికీ ఆడుతుంది. సీపాప్ అనే మరో యంత్రంలో ఒకే ఒత్తిడి ఉంటుంది. నిద్రలో గొంతు మూసుకుపోయి గురక పెట్టేవారి కోసం ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొలిన్ సలివన్ అనే వైద్యుడు 1981లో దాన్ని ప్రకటించారు.

మీ అత్తమ్మ సంగతికి వస్తాను. ఏళ్ల తరబడి పొగ పీల్చినవారి శ్వాసనాళికలు ఇరుకవుతాయి. తీసుకున్న గాలి పూర్తిగా బయటికి రాక లోపలే చిక్కుకుంటుంది. ఛాతీ ఉబ్బి, ఉదరవితానం చదునై, ప్రతి ఊపిరీ బరువు మోసినట్లవుతుంది. చలికాలంలో కఫం చేరి ఈ బరువు పెరిగినప్పుడు కండరాలు అలసిపోతాయి. బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుంటుంది. మాట తడబడి మత్తుగా పడుకోవడానికి కారణం అదే. ఇలాంటి స్థితిలో ఆక్సిజన్ మాత్రమే ఎక్కువెక్కువగా ఇస్తే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుంటుంది, అందుకే వీరికి వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం చాలునంటాము. బైపాప్ ఆ అలసిన కండరాల పనిలో పాలు పంచుకుంది. ఆ గడువులో నెబులైజర్ మందులు, స్టెరాయిడ్లు, అవసరమైతే యాంటీబయాటిక్‌లు తమ పని చేశాయి. జబ్బును తగ్గించినవి ఆ మందులే. యంత్రం వాటికి కావలసిన సమయం ఇచ్చింది.

ఈ మాస్కును మొదటిసారి పెట్టేటప్పుడు నేను పట్టీలు కట్టను. ముందు మాస్కును రోగి చేతికిచ్చి, ఆ చేతి మీద నా చేయి వేసి, మెల్లగా ముఖానికి ఆనించి, ఒత్తిడిని తక్కువ నుంచి మొదలుపెడతాను. ఎదురుగాలిలో ముఖం పెట్టినట్లు అనిపించి మొదటి అయిదు నిమిషాలు అందరూ దాన్ని పీకివేయాలని చూస్తారు. "గాలితో కొట్లాడకు అమ్మా, అది వచ్చినప్పుడు రానియ్యి" అని చెవి దగ్గర చెబుతూ ఉంటే ఇరవై నిమిషాలలో భుజాలు దిగుతాయి, మెడ కండరాలు ఎగసిపడటం తగ్గుతుంది. గంట, రెండు గంటలకు ధమని రక్తం పరీక్షించి ఆమ్లత, కార్బన్ డయాక్సైడ్ తగ్గుముఖం పట్టాయా అని చూస్తాము. తగ్గకపోతే ఇంకా చూద్దాం, రేపు చూద్దాం అని మాస్కుతోనే కాలం గడపకూడదు. ఆలస్యంగా వేసిన గొట్టం కన్నా వేళకు వేసిన గొట్టం మేలు చేస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడు చేను దగ్గర గుడిసెలో నేల మీద పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచాడు, కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మింగలేకపోయాడు. కట్లపాము కాటు అన్నారు. ఆసుపత్రిలో మాస్కు కూడా పెట్టి చూడకుండా నేరుగా గొంతులో గొట్టం వేశారు. ఆరు రోజుల తరువాత తీశారు, ఇప్పుడు బాగున్నాడు. కానీ ముందు మాస్కుతో ప్రయత్నించవలసింది కదా అని మా బాబాయి ఇప్పటికీ అంటున్నాడు. – ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఆ వైద్యులు సరిగ్గా చేశారు. మాస్కుతో ప్రయత్నించి ఉంటే మీ తమ్ముడు దక్కేవాడు కాదేమో.

మాస్కు గాలి ముక్కు, నోటి గుండా వెళుతుంది. గొంతులో ఆ దారి ఊపిరితిత్తులకూ అన్నవాహికకూ చీలుతుంది. మెలకువగా ఉన్న మనిషికి ఉమ్మి గొంతులో చేరితే మింగుతాడు, పొరపాటున పక్కదారి పడితే పొలమారి దగ్గుతాడు. మాస్కు పద్ధతి మొత్తం ఈ కాపలా మీద ఆధారపడి ఉంటుంది. కట్లపాము విషం నరాల చివర్లను దెబ్బతీసి కండరాలకు ఆజ్ఞ అందకుండా చేస్తుంది. ముందు కనురెప్పలు, తరువాత గొంతు, ఆపైన ఊపిరి కండరాలు పడిపోతాయి. మింగలేని మనిషి ముఖానికి మాస్కు బిగించి గాలి కొడితే నోటిలోని ఉమ్మి, కడుపులోంచి ఎగదన్నింది అంతా ఊపిరితిత్తులలోకి చేరుతుంది. అందుకే స్పృహ లేనివారికి, వాంతులు ఆగనివారికి, ముఖం చితికినవారికి, సొంతంగా ఊపిరే లేనివారికి మాస్కు పనికిరాదు. పురుగుల మందు లోనికి వెళ్లినవారి విషయమూ ఇంతే: వారి నోటి నుంచి, శ్వాసనాళాల నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. తేరుకున్నట్లే కనిపించినవారిలో కూడా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ ఎత్తలేకపోవడం, ఊపిరి కండరాలు సడలడం జరుగుతుంది కనుక ఇంటికి పంపమని తొందరపెట్టకూడదు.

గొట్టం ఆ కాపలాను తన మీద వేసుకుంటుంది. పెద్దవారికి ఏడు, ఎనిమిది మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టం వాడతాము. దాని చివర చుట్టూ చిన్న బెలూను ఉంటుంది. శ్వాసనాళంలోకి దిగాక దాన్ని ఉబ్బిస్తే పైనుంచి కారేదాన్ని చాలా వరకు ఆపుతుంది, యంత్రం పంపిన గాలి పక్కలకు పోకుండా చూస్తుంది. ఆ బెలూను ఒత్తిడిని ఇరవై నుంచి ముప్ఫై సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్యనే ఉంచాలి. ఎక్కువైతే శ్వాసనాళం గోడకు రక్తం అందదు, తక్కువైతే ఉమ్మి జారుతుంది.

ఇక్కడ యంత్రం చేసే పని కూడా పెద్దది. నిమిషానికి ఎన్ని ఊపిరులు, ఒక్కొక్క ఊపిరికి ఎంత గాలి, అందులో ఆక్సిజన్ 21 శాతం నుంచి నూరు శాతం దాకా ఎంత అన్నవి వైద్యుడు నిర్ణయిస్తాడు. గాలి పరిమాణాన్ని తూకంలో వచ్చిన బరువును బట్టి కాకుండా ఎత్తును బట్టి లెక్కిస్తాము, ఎందుకంటే మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మగవారి ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటే ఒక్కో ఊపిరికి సుమారు 370 మిల్లీలీటర్లతో మొదలుపెడతాము. ఇంతకన్నా ఎక్కువ కొడితే గాలి సంచులు సాగి చిట్లుతాయని 2000 సంవత్సరంలో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం తరువాత ప్రపంచమంతా ఈ జాగ్రత్త పాటిస్తోంది.

గొట్టం వల్ల నష్టాలూ ఉన్నాయి. దాన్ని భరించడానికి మత్తుమందులు కావాలి. మాట పోతుంది, తిండి ముక్కు గొట్టం ద్వారానే. దగ్గే వీలు లేక కఫాన్ని గొట్టంతో లాగవలసి వస్తుంది. రోజులు గడిచేకొద్దీ నెమ్ము వచ్చే ప్రమాదం ఉంది. మంచం తలవైపు ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీలు ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, చేతులు కడుక్కోవడం అన్న చిన్న పనుల మీదే అక్కడ ప్రాణాలు నిలుస్తాయి. అందుకే మాస్కుతో గట్టెక్కగలవారికి, ముఖ్యంగా మీ ముందు ఉత్తరంలోని పెద్దావిడ లాంటివారికి, గొట్టం వేయకుండా ఉండటానికే ప్రయత్నిస్తాము.

కట్లపాము కాటులో మరో సంగతి ఉంది. విష విరుగుడు మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది కానీ, అప్పటికే దెబ్బతిన్న నరాల చివర్లు తిరిగి మొలకెత్తేదాకా రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఊపిరిని యంత్రమే మోయాలి. ఒకసారి ఇలాంటి యువకుడు కళ్లు తెరవక, కాలు కదపక పడి ఉంటే చుట్టాలు గుమ్మం దగ్గర పాడె గురించి మాట్లాడుకుంటున్నారు. నేను అతని చెవి దగ్గర వంగి, వింటుంటే కాలి బొటనవేలు కదపమన్నాను. దుప్పటి కింద వేలు గోరంత కదిలింది. అతడు అంతా వింటున్నాడు. ఆ తరువాత అక్కడ ఎవరూ ఆ మాటలు మాట్లాడలేదు.

పాము కాటు తిన్నవారిని వెంటిలేటర్ ఉన్న చోటికి చేర్చేలోపు ఊపిరి తగ్గితే చేతితో పిండే సంచి ఒక్కటే ఆధారం. అది నాసిరకం పద్ధతి అని ఎవరూ అనుకోవద్దు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో చెలరేగినప్పుడు, పాత ఇనుప పెట్టె తరహా యంత్రాలతో చికిత్స పొందిన తొలి 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, సంచితో గాలి కొట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. వైద్య విద్యార్థులు వందల సంఖ్యలో వంతులు వేసుకొని, వారాల తరబడి రాత్రింబగళ్లు చేతులతో సంచులు పిండారు. మరణాలు నాలుగో వంతుకు పడిపోయాయి. ఈనాటి ఐసీయూ అక్కడే పుట్టింది. శ్రీశైలం రోడ్డు మీద హైదరాబాదు వైపు పరుగెత్తే అంబులెన్సులో సంచి పిండుతూ కూర్చున్న టెక్నీషియన్ చేస్తున్నది ఆ పనే.

ప్రశ్న: చనిపోయిన మనిషిని వెంటిలేటర్ మీద పెట్టి బిల్లు వేస్తారని మా ఊళ్లో అందరూ నమ్ముతారు. ఛాతీ ఆడుతూనే ఉంటుంది కదా, బతికి ఉన్నాడో లేదో మాకెట్లా తెలియాలి? – ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఈ అనుమానాన్ని నేను తేలికగా తీసుకోను. పొలం కుదువ పెట్టి డబ్బు తెచ్చిన కుటుంబానికి లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోతే అనుమానం రాక మానదు. అది చెప్పవలసిన బాధ్యత వైద్యులదే, మేము చాలాసార్లు ఆ పని సరిగ్గా చేయడం లేదు.

వెంటిలేటర్ గాలిని మాత్రమే ఆడిస్తుంది, గుండెను ఆడించలేదు. గుండె ఆగితే మానిటరు మీద గీత చదునవుతుంది, నాడి అందదు, రక్తపోటు ఉండదు, కొంతసేపటికి శరీరం చల్లబడి బిగుసుకుంటుంది. ఛాతీ కదలిక ఒక్కదాన్నే చూడకండి. లోపలికి వెళ్లినప్పుడు మెడ పక్కన నాడి చూపించమని అడగండి, చేయి పట్టుకొని వెచ్చదనం చూడండి, గంట గంటకూ మూత్రం ఎంత వచ్చిందో రాసిన కాగితం చూపించమనండి. గుండె ఆడుతూ మెదడు మాత్రం పూర్తిగా చచ్చిపోయిన స్థితి వేరే ఉంది. దాన్ని 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం వైద్యుల బృందం కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యంగా రోజూ మూడు ప్రశ్నలు అడగండి: ఏ కారణంగా వెంటిలేటర్ పెట్టారు, ఆ కారణం నిన్నటి కన్నా తగ్గిందా, ఏమి కనిపిస్తే తీస్తారు. ఈ మూడింటికీ నెమ్మదిగా, అర్థమయ్యే తెలుగులో జవాబు చెప్పించుకోవడం మీ హక్కు. తీయడానికి కూడా పద్ధతి ఉంటుంది. రోజూ మత్తు తగ్గించి, యంత్రం సాయం దాదాపు ఆపి, అరగంట నుంచి రెండు గంటలు రోగి సొంతంగా ఊపిరి తీసుకోగలడా అని చూస్తారు. నిన్న ఆ పరీక్ష జరిగిందా అని అడిగితే చాలు, అవతలివారు జాగ్రత్తగా మాట్లాడతారు.

ప్రశ్న: నాన్నగారికి ఇంట్లో రాత్రిపూట బైపాప్ వాడమన్నారు. ముక్కు దూలం మీద పుండు పడుతోంది, కరెంటు పోతే భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పట్టీలు ఎక్కువ బిగిస్తున్నట్లున్నారు. చెంపకూ పట్టీకీ నడుమ రెండు వేళ్లు దూరాలి. కొంచెం గాలి పక్కలకు పోయినా యంత్రం సర్దుకుంటుంది, కళ్లలోకి మాత్రం కొట్టకూడదు. మాస్కు సైజు సరిపోకపోయినా పుండు పడుతుంది కనుక కొన్నచోట మార్పించండి. మాస్కు మీదో గొట్టం మొదట్లోనో చిన్న రంధ్రాలు ఉంటాయి. గాలి వృథా అవుతోందని వాటికి ప్లాస్టర్ అతికించిన ఇళ్లను చూశాను. వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అదొక్కటే కనుక ఎన్నడూ మూయకండి. కరెంటు పోయి యంత్రం ఆగితే వెంటనే మాస్కు తీసివేయాలి. తన చేతులతో తానే తీసుకోలేని వారి పక్కన రాత్రి ఒకరు పడుకోవాలి. ఇన్వర్టరుకు కలిపి, రెండు గంటలు నడుస్తుందో లేదో పగటిపూట ఒకసారి నడిపి చూడండి. భోజనం చేసిన వెంటనే పెట్టకండి, పొట్ట ఉబ్బి వాంతి అవుతుంది.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా పెద్దనాన్నకు ఫ్లోరైడ్ వల్ల నడుము వంగి, మెడ తిరగదు. ఇప్పుడు హెర్నియా ఆపరేషన్ చేయాలంటున్నారు. మత్తు ఇచ్చి గొట్టం వేస్తారట. ఏమైనా ప్రమాదమా? – ఒక పాఠకుడు

జవాబు: ఈ ప్రశ్న ముందుగా అడిగినందుకు సంతోషం. గొట్టం వేసేటప్పుడు తలను వెనక్కి వంచి, నోరు తెరిచి, లోపలి స్వరతంత్రులను కంటితో చూస్తూ దించాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో మెడ ఎముకల చుట్టూ కీళ్లు, స్నాయువులు గట్టిపడి తల వెనక్కి వంగదు. పక్కటెముకలు వెన్నుతో కలిసే చోట కూడా బిగుసుకుంటాయి కనుక ఛాతీ విచ్చుకోవడం తగ్గి, పొట్టతోనే ఊపిరి తీసుకుంటారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నుంచి వచ్చేవారిలో ఇది మాకు తెలిసిన సంగతే అయినా, అత్యవసరంగా వేరే ఊరి ఆసుపత్రికి వెళితే అక్కడివారు గమనించకపోవచ్చు. అందువల్ల మత్తు వైద్యుడిని ఆపరేషనుకు ముందే కలిసి, మెడ ఎంత వంగుతుందో, నోరు ఎన్ని వేళ్లు పట్టేలా తెరుచుకుంటుందో చూపించండి. సన్నని కెమెరా గొట్టం సాయంతో, మెలకువగా ఉండగానే దించే పద్ధతి ఉంది. హెర్నియాకు చాలాసార్లు ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి గొట్టం లేకుండానే చేయవచ్చు. నడుము బిగుసుకున్నవారికి వెన్నులో సూది ఇవ్వడం కష్టమవుతుంది కనుక ఏది మంచిదో ఆయనను పరీక్షించిన మత్తు వైద్యుడే తేల్చాలి. ఆయన సంచిలో పాత వెన్ను ఎక్స్‌రే ఉంటే దాన్ని తప్పకుండా తీసుకువెళ్లండి.